మా బావ బల్బు మళ్ళీ పోయింది

మా బావ సూర్యుణ్ణి నమ్మడు. మనిషినైనా వస్తువునైనా పట్టపగలు కళ్ళారా చూస్తే సరిపోదు, తన దీపం కింద పెట్టి చూస్తేనే చూసినట్టు.

"సూర్యుడిదేముందిరా? పైపై మెరుగులు చూపించి పోతాడు. లోపలి సంగతి కావాలంటే నా దీపాన్ని అడుగు" అంటాడు.

ఆ దీపం జానెడు పొడుగు. కళ్ళజోడు పెట్టెలా ఉంటుంది. అందులో వేలెడంత నల్లటి గొట్టంబల్బు. మీట నొక్కితే వెలిగిందో లేదో తెలియనంత మసకగా ఊదారంగు కాంతి వస్తుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని అతినీలలోహిత కాంతి అంటారు. మా అక్క మాత్రం "నా సవతి" అంటుంది.

ఆ కాంతి చీకట్లోనే పనిచేస్తుంది కాబట్టి బావ సంచిలో ఎప్పుడూ ఒక నల్లగుడ్డ ఉంటుంది. పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ గుడ్డను నెత్తిమీద నుంచి బల్ల అంచుదాకా కప్పుకుని కూర్చుంటాడు. బయటికి కనిపించేవి నాలుగు కుర్చీ కాళ్ళు, రెండు బావ కాళ్ళు. చూసేవాళ్ళకు పాతకాలపు ఫొటోగ్రాఫరెవరో కెమెరా పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టుంటుంది.

ఇంతకీ ఆయన అందులో చూసేది తపాలా బిళ్ళలు. బావ ఒక పెద్ద అచ్చాఫీసులో నలభై ఏళ్ళు కాగితాల గోడౌను చూసుకున్నాడు. బొటనవేలితో ఒక్కసారి నిమిరి ఇది ఏ మిల్లు కాగితమో చెప్పగలడు. చెప్పలేనప్పుడు నాకి చూసేవాడని గిట్టనివాళ్ళు అంటారు. నేను చూశాను, ఒక్కసారే నాకాడు.

విషయం ఏమిటంటే, ఒకే బొమ్మ, ఒకే రంగు, ఒకే వెల ఉన్న స్టాంపును ఒక్కోసారి రెండు రకాల కాగితం మీద అచ్చువేస్తారు. రోజూ వాడే కాగితం అయిపోతే చేతికందిన కాగితం యంత్రానికి ఎక్కిస్తారు. మామూలు కంటికి రెండూ కవలపిల్లలే. దీపం కింద పెడితే మాత్రం ఒకటి నిన్నటి బూడిదలా మొద్దుగా పడుంటుంది. రెండోది, తెల్లదనం కోసం కలిపిన మందు వల్ల, నీలంగా తళతళా మెరుస్తుంది. ఎక్కడో ఒక అచ్చులో పొరపాటున దూరిన అలాంటి వేరే కాగితం స్టాంపు దొరికితే సేకరించేవాళ్ళకు నిధి దొరికినట్టే.

మెరిసేది మెరుపు కాగితం, మెరవనిది మొద్దు కాగితం. బావ లోకాన్ని ఇలా రెండుగా చీల్చేశాడు. డాక్టరు చీటీ, పరీక్షల మార్కుల పత్రం, ఇంటికొచ్చిన చుట్టం చొక్కా కాలరు, అన్నీ దీపం కిందికి రావలసిందే. కూతురికి పెళ్ళి కుదిరినప్పుడు కాబోయే అల్లుణ్ణి చూసొచ్చి ఇంటిల్లిపాదీ వినేలా "మొద్దు కాగితం" అని ప్రకటించాడు. బావ లెక్కలో మెరవకపోవడమే నిజాయితీ. అది పొగడ్త అని ఆ అబ్బాయికి అర్థం కావడానికి మూడేళ్ళు పట్టింది.

మా అక్క కష్టాలు వేరు. కాగితంలో కలిపే ఆ తెల్లదనం మందే సబ్బుపొడిలోనూ ఉంటుంది. మొద్దు కాగితం స్టాంపును సబ్బుపొడి నీళ్ళలో ముంచితే అది మెరుపు కాగితంలా వేషం కట్టేస్తుంది. ఒకసారి ఆ మందు పట్టిందంటే మళ్ళీ వదలదు. అందుకని బావ ఇంట్లో సబ్బుపొడి గడప దాటి లోపలికి రాకూడదు. బట్టలన్నీ బిళ్ళసబ్బుతోనే. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లచొక్కా అంటే గోధుమరంగు అని అర్థం.

"అక్కయ్యా, నీకు తమ్ముడంటే ఎంత ప్రేమ! నెలనెలా వస్తావు" అన్నాను ఒకసారి, మా ఇంటికి రెండు పెట్టెలతో దిగినప్పుడు.

"నీ మొహం! ఈ పెట్టెల నిండా ఉతకాల్సిన దుప్పట్లు. మీ ఇంట్లో సబ్బుపొడి ఎక్కడ పెడతారు?" అంది.

ఇక ఆయన నోటికీ దీపానికీ మధ్య అడ్డుగోడ లేదు. చూసిందేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు. గ్రంథాలయం మేడమీద గదిలో ఆదివారం ఆదివారం మా స్టాంపుల సంఘం కూడుతుంది. దానికి కార్యదర్శి ఒక పళ్ళ డాక్టరు. గట్టి మనిషి. ఓ ఆదివారం ఆయన సరదాపడి నల్లగుడ్డ కింద తల దూర్చి, బావ చూపించిన స్టాంపు చూసి, "అబ్బ, బ్రహ్మాండం!" అని నోరారా నవ్వాడు.

"డాక్టరుగారూ, కాస్త నవ్వకండి" అన్నాడు బావ.

"ఏం?"

"ముందు రెండు పళ్ళూ వేరే కాగితం."

సొంత పళ్ళు ఆ కాంతికి మెరుస్తాయట. కట్టించుకున్నవి నల్లగా ఉండిపోయాయి. గుడ్డ కింద చెప్పినా గదంతా వినబడింది. ఆ రోజు నుంచి డాక్టరు పెదవులు మూసే నవ్వుతాడు. బావ తప్పెప్పుడు దొరుకుతుందా అని మాత్రం కళ్ళు తెరిచే ఉంటాడు.

అంత గొప్ప దీపానికీ ఒక జబ్బుంది. ఉండీ ఉండీ బల్బు పోతుంది. ఒకసారి డ్రిల్లు మాస్టారు స్టాంపు చూస్తుండగా పోయింది. ఇంకోసారి ఆస్పత్రి నర్సమ్మ, చనిపోయిన వాళ్ళ నాన్న ఆల్బం పట్టుకొచ్చిన రోజున పోయింది. బావ గుడ్డలోంచి తల బయటపెట్టి "ఛ! బల్బు పోయింది" అని విసుక్కోవడం, ఆ స్టాంపు సంగతి మళ్ళీ చూద్దామని అందరం లేచిపోవడం మామూలైపోయింది.

దీనివల్ల నిద్రపట్టని మనిషి ఒకే ఒక్కడు, కరెంటు సామాను కొట్టు యజమాని.

"నేను అమ్మే బల్బు పదేళ్ళు వెలుగుతుందండీ! మీ బావగారి చేతిలో రెండేళ్ళు కూడా ఉండట్లేదు. పోయిందాన్ని తెమ్మంటే తేరు. చెత్తలో వేశానంటారు. కొట్టుకు చెడ్డపేరు కాదూ? ఆయన చెయ్యి ఎవరికైనా చూపించండి!" అని నాతో పోట్లాడేవాడు.

నా స్టాంపు చూసిన రోజున కూడా బల్బు పోయింది. నా స్టాంపు సంగతి మీరు వినే ఉంటారు. వినకపోతే మీరు ఈ చుట్టుపక్కలవారు కారు. నడిసముద్రంలో తుఫానులో ఓడ తెరచాప కొయ్యను ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకున్న కెప్టెను, తన తల్లి రాసిన ఉత్తరం మీద స్టాంపును పళ్ళతో ఊడదీసి నాకిచ్చాడు. ఆ రోజు అలలు తాటిచెట్టంత లేచాయి. చెప్పిన ప్రతిసారీ ఇంకో తాటిచెట్టు ఎత్తు పెరుగుతాయి, అది సముద్రం స్వభావం.

ఆ కథ మొదటిసారి విన్నప్పుడు బావ సంచిలోంచి దీపం తీశాడు. "ఏదీ, నాలుక చాపు" అన్నాడు. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పారని నేనే ఆయనకెప్పుడో చెప్పాను. దీపం పెట్టి చూశాడు.

"మచ్చ లేదురా" అన్నాడు.

"చూశావా మరి!"

"ఖాళీ మిగిలితే కదా మచ్చని తెలిసేది."

తర్వాత నా స్టాంపు పుచ్చుకుని గుడ్డ కిందికి వెళ్ళాడు. చాలాసేపు కూర్చున్నాడు. బయటికొచ్చి, "బల్బు పోయిందిరా బావమరిదీ" అన్నాడు. నేనే ఆయన్ని ఓదార్చాను. ఇక అప్పట్నుంచి పద్దెనిమిదేళ్ళుగా నేను చెప్పే కథకు చివర ఒక ముక్క కలిసింది: నా స్టాంపు మెరుపు తట్టుకోలేక దీపమే పేలిపోయిందని.

ఇలా ఉండగా, పోయిన ఏడాది మా సంఘం ప్రదర్శన పెట్టింది. అరుదైన కాగితాల స్టాంపుల కోసం హాలు మధ్యలో ఒక అద్దాల చట్రం. బావ దీపం ఒప్పుకోనిదే అందులోకి ఏదీ వెళ్ళకూడదని నియమం. తెరవడానికి ఇంకో గంట ఉందనగా మా కండక్టరుగారు చేతికర్రతో మెట్లెక్కి వచ్చారు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సుల్లో, డిపోల్లో జనం పారేసిన కవర్ల నుంచి ముప్పై ఏళ్ళు స్టాంపులు పోగేశారు. మా సంఘంలో ఎప్పుడూ వెనకసీటే. ఏ ప్రదర్శనలోనూ ఆయన బిళ్ళ ఒక్కటీ చట్రం ఎక్కలేదు. ఇంట్లో ఆవిడ వాటిని "ఎంగిలి కాగితాలు" అనేది, ఏనాడూ వేలితో తాకేది కాదు. ఆ రోజు ఆయన వెనకే ఆవిడ కూడా వచ్చింది! ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిలో ఒక పుస్తకం, పుస్తకంలో ఒక కవరు, కవర్లో ఒక స్టాంపు.

"గురువుగారూ! మెరిసింది!" కండక్టరుగారి గొంతు ఇంకా బస్సులోనే ఉంది. "నెల కింద కాలు విరిగి మంచమెక్కానా? బేసిను ముందు కూర్చోలేకపోయాను. కవర్ల మీది స్టాంపులు నానబెట్టి ఊడదీసే పని మా ఆవిడ తీసుకుంది. మొదటి వాయిలోనే ఇది! ఇదొక్కదాన్నీ మందులషాపులో దొంగనోట్లు పట్టే దీపం కింద పెట్టాను. మెరిసిందండీ! ఈ బిళ్ళలో మెరుపు కాగితం ఉన్నట్టు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అవునా కాదా?"

"అవును. ఎవరూ చూడలేదు" అన్నాడు బావ.

పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చాడు. "నిజమైతే నడిమి చట్రంలో పెడదాం, పత్రికలకూ చెబుదాం. కాకపోతే మాత్రం సభలోనే ఆ మాట ప్రకటిస్తాను. తప్పుడు సరుకు తెచ్చినవాళ్ళకు ఈ సంఘంలో చోటు లేదు. ఎవరికైనా ఒకటే నియమం."

"ప్రకటించండి సార్!" అన్నారు కండక్టరుగారు ఛాతీ విరుచుకుని. "టికెట్టు లేనిదే నేనూ ఎవర్నీ ఎక్కనివ్వలేదు."

బావ బల్ల సర్దుకుంటూ, ఆవిణ్ణి పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"మీరే నానబెట్టారా అమ్మా?"

"అవునన్నయ్యగారూ. వేడినీళ్ళు పొయ్యొద్దు, రుద్దొద్దు అని ఆయన వంద చెప్పారు. అంట్లు తోమి బట్టలు ఉతికినదాన్ని, నాకు మాత్రం తెలీదా? మరీ మురికిగా ఉన్నాయని చిటికెడు సబ్బుపొడి వేశాను." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయనతో చెప్పలేదు. మంచిపనే చేశాను కదూ?"

డాక్టరు విన్నాడేమోనని నేను అటు చూశాను. బావ మొహం మాత్రం విప్పని కాగితాల కట్టలా ఉండిపోయింది.

"ముప్పై ఏళ్ళూ తిట్టానండీ ఆ కాగితాల్ని" అంది ఆవిడ. "ఈ నెల రోజులుగా ఇద్దరం ఒకే బేసిను ముందు కూర్చుంటున్నాం. నా చేత్తో ఒకటి దొరికిందని ఊరంతా చెప్పుకుంటున్నారు ఆయన. నాకూ సరదాగానే ఉంది."

బావ పసుపు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. గుడ్డ కప్పుకున్నాడు. నాలుగు కుర్చీ కాళ్ళు, రెండు బావ కాళ్ళు.

మా బావ నోటి సంగతి నాకు తెలుసు. కార్యదర్శి పళ్ళనే వదలనివాడు కండక్టరును వదులుతాడా? గుడ్డ లేవగానే "సబ్బుపొడి!" అంటాడు. డాక్టరు మైకు అందుకుంటాడు. కండక్టరు ఆవిడ వైపు చూస్తాడు. ఆ చూపుతో బేసిను అటక ఎక్కుతుంది, ఆవిడ మళ్ళీ ఈ జన్మలో స్టాంపు ముట్టదు. కాన్వెంటులో నేర్చుకున్న ప్రార్థనలు గుర్తున్నంతవరకూ చదివాను, గుర్తులేని చోట ఎక్కాలు చదివాను.

అయిదు నిమిషాలు గడిచాయి. గుడ్డ కదిలింది. బావ తల బయటికొచ్చింది.

"ఛ! బల్బు పోయింది" అన్నాడు.

దేవుడున్నాడు అనుకున్నాను.

"ఇప్పుడేనా?" అని అరిచాడు డాక్టరు. "పోయేముందు ఏం చూశారు?"

"స్టాంపు చూశాను."

"మెరిసిందా?"

"మెరిసింది."

హాలంతా గుసగుసలు. కండక్టరుగారు భార్య భుజం పట్టుకున్నారు.

"అయితే కాగితం అసలుదేనంటారా?"

"అది తేల్చేలోపు పోయిందంటున్నాను కదండీ."

"నా క్లినిక్కులో ఒక దీపం ఉంది. పళ్ళలో సిమెంటు గట్టిపడటానికి వాడతాం. తెప్పిస్తాను!"

"దేనికండీ? స్టాంపు అంచున ఉండే పళ్ళు చుట్టూ చూశాను. అన్నీ సొంతవే" అన్నాడు బావ.

హాలు గొల్లుమంది. డాక్టరు ఠక్కున పెదవులు మూసేశాడు. ఆ సందు చాలు బావకు. నడిమి చట్రంలో కాకుండా, కిటికీ పక్కన ఒక చిన్న అద్దాల పెట్టెలో ఆ స్టాంపును ఒంటరిగా పెట్టించి, కింద తన చేత్తో రాశాడు: "పరిశీలనలో ఉంది. దీపం కింద ఇలా మెరిసే ఇటువంటి బిళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు."

ఒక్కొక్క అక్షరమూ నిజమే. ఆవిడ బేసినులో ఆవిడ చిటికెడుతో మెరిసిన బిళ్ళ లోకంలో ఇంకెక్కడుంటుంది?

"రైట్ రైట్!" అన్నారు కండక్టరుగారు, బస్సు కదిలినట్టు. బావ ఆవిడతో "చెయ్యి మంచిదమ్మా. ఇకమీదట మాత్రం ఉత్త నీళ్ళు చాలు, ఇంకేమీ వెయ్యొద్దు" అన్నాడు. ఆవిడ బుద్ధిగా తల ఊపి, బల్ల మీది నల్లగుడ్డను చీర మడతపెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

ఆ ఆనందంలో నేనొక తెలివైన పని చేశాను. ఆ పోయిన బల్బును బావ సంచిలోంచి చెప్పకుండా తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్ళి, "ఇదిగో, నీ పదేళ్ళ బల్బు! మార్చి ఇస్తావా, పదిమందినీ పిలవమంటావా?" అన్నాను.

కొట్టు యజమాని దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తన కొట్లోని దీపంలో బిగించాడు. మీట నొక్కాడు.

శుభ్రంగా వెలిగింది.

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ ఊదా వెలుగులో అతని చొక్కా గుండీలు నక్షత్రాల్లా మెరుస్తున్నాయి.

"చూశారా! చూశారా!" అని గెంతాడు. "నా బల్బు బంగారం! ఆదివారం మీ సంఘానికి వస్తా. అందరి ముందూ వెలిగించి చూపిస్తా. మీ బావగారు నా పరువు తీశారు కదా, ఇప్పుడు ఆయన సంగతేమిటో తేలాలి!"

నా బుర్రలో అప్పుడు వెలిగింది రెండో బల్బు. వీడు ఆదివారం వస్తే అక్కడ డాక్టరుంటాడు, కండక్టరుంటారు, ఆవిడ ఉంటుంది. డెబ్భై ఏళ్ళుగా నేను సానపట్టిన విద్య ఒక్కటైనా పనికిరావాలంటే ఇదే సమయం.

"అయ్యో, నీకు తెలియదా? నిన్న పదిమంది పదిసార్లు నొక్కినా వెలగలేదయ్యా. నీ చెయ్యి తగలగానే ప్రాణం వచ్చింది. నీ చేతిలో ఏదో ఉంది!" అన్నాను.

అతను తన చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. "మా అమ్మ కూడా చిన్నప్పుడు అంటుండేది" అన్నాడు నెమ్మదిగా. వారం తిరిగేసరికి చుట్టుపక్కల పోయిన బల్బులన్నీ అతని కొట్టు ముందు క్యూ కట్టాయి. అతను సంఘానికి రానూ లేదు, రావడానికి తీరికా లేదు.

కొట్టు నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. బావ కూరగాయలకు వెళ్ళాడు. బల్బు తీసి బల్ల మీద పెట్టాను.

"అక్కయ్యా, ఇది వెలుగుతోంది!"

అక్క ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుని, అల్మారా పైనుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించింది. మూత తీస్తే లోపల దూదిలో పడుకోబెట్టిన నల్ల బల్బులు, పది. ఒక్కొక్కదానికీ దారంతో కట్టిన చిన్న చీటీ. డ్రిల్లు మాస్టారు. నర్సమ్మ. ఎవరెవరో.

"అన్నీ వెలుగుతాయిరా" అంది. "సంఘం పెట్టిన కొత్తలో సార్టింగు తాతగారని, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసిన ఒకాయన వచ్చేవాడు. ఆయన ప్రాణంగా దాచుకున్న స్టాంపు చూసి, ఈయన అందరి ముందూ 'కడిగిన సరుకు' అనేశారు. ఆ పెద్దాయన ఆల్బం మూసి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మీ బావ రెండుసార్లు ఇంటికి వెళ్ళి బతిమాలారు. స్టాంపుల మాటెత్తితే తలుపేసుకున్నాడట. ఆ తర్వాతే బల్బులు పోవడం మొదలైంది."

"మరి పళ్ళ డాక్టరు సంగతో? అప్పుడు పోలేదే!"

"నేనూ అడిగాను. 'ఆయన రోజూ ఊళ్ళోవాళ్ళ పళ్ళకు వంకలు పెట్టేవాడు, తట్టుకుంటాడు' అన్నారు." అక్క డబ్బాలో వేలు పెట్టి కదిపి, అడుగునుంచి ఒకటి తీసింది. "ఇదిగో, నీది."

చీటీ మీద బావ గుండ్రటి చేతిరాత: "బావమరిది. ఓడ, కెప్టెను, తుఫాను."

"నాదా? అంటే నా స్టాంపు..."

"కాన్వెంటు గేటు ముందు బఠాణీల బండివాడి దగ్గర కాంపాసు పెట్టె ఇచ్చి మార్చుకున్నావు కదరా. నేను పక్కనే ఉన్నాను."

అంతలో బావ వచ్చాడు. రెండు చేతుల్లో సంచులు. తెరిచిన డబ్బా చూశాడు, నన్ను చూశాడు, సంచులు కిందపెట్టాడు.

"బావా," అన్నాను, "నిజం చెప్పు. నా స్టాంపు కాగితం అసలుదా, కాదా?"

"ఎలా చెప్పనురా?" అన్నాడు బావ, పదకొండు బల్బుల ముందు నిలబడి. "ఆ రోజు బల్బు పోయింది కదా."

ఒక చీటీ చింపి "కండక్టరుగారు, వారి ఆవిడ" అని రాసి, దారం కట్టి, కొత్త బల్బును నా బల్బు పక్కన దూదిలో పడుకోబెట్టాను. కిటికీ పక్కన ఆ స్టాంపు ఈ ఏడు కూడా పరిశీలనలోనే ఉంది. ఆదివారాలు వాళ్ళిద్దరూ కలిసే వస్తున్నారు. ఉత్త నీళ్ళలో నానబెట్టినవి ఆవిడే ఆల్బంలో వరసగా అంటిస్తోంది.

మూత వేసేముందు మాత్రం నా బల్బును ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, తెలిసినవాడిలా ఊపి చూశాను.

నా నాలుక మీద ఒట్టు. అది పోయింది.